ఏఐ ఏజెంట్ మీ టూల్‌ని సరిగ్గా వాడాలంటే డాక్యుమెంటేషన్ ఎలా రాయాలి?

చాట్‌బాట్ అడిగినదానికి జవాబు చెప్తుంది. ఏజెంట్ ఇంకో అడుగు ముందుకేసి పని కూడా చేసిపెడుతుంది. కానీ ఫోన్ ధర తెలుసుకోవాలన్నా, ఆర్డర్ క్యాన్సిల్ చేయాలన్నా మోడల్ ఒక్కదానివల్ల కాదు. మనం రాసిన ఫంక్షన్‌ని ఫలానా విలువలతో రన్ చేయమని అది అడుగుతుంది. ఆ ఫంక్షన్‌నే టూల్ అంటున్నాం. ఓపెన్‌ఏఐ తన ఏపీఐలోకి ఫంక్షన్ కాలింగ్‌ని 2023 జూన్‌లో తెచ్చింది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ని (ఎంసీపీ) ఓపెన్ స్టాండర్డ్‌గా విడుదల చేసింది. ఇప్పుడు చిన్న ఎంసీపీ సర్వర్ రాయడం పెద్ద కష్టమేం కాదు. నా అనుభవంలో అసలు తిప్పలు దాని డాక్యుమెంటేషన్‌తోనే.

మోడల్‌కి కనిపించేది ఎంత?

మామూలుగా మీ కోడ్ మోడల్‌కి కనిపించదు. దానికి చేరేవి ముఖ్యంగా మూడే: టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా. మనిషి డెవలపర్ అయితే డౌట్ వస్తే కోడ్ తెరిచి చూస్తాడు, లేదంటే పక్క సీటువాణ్ణి అడుగుతాడు. మోడల్ ఈ మూడింటిని బట్టే నిర్ణయం తీసుకుంటుంది. మీరు రాయని చోట ఊహించేస్తుంది.

ఒక ఉదాహరణ

ఒక షాపింగ్ యాప్‌కి ‘ఆర్డర్ క్యాన్సిల్’ అనే టూల్ ఉందనుకోండి. దాని వివరణ: "ఆర్డర్ క్యాన్సిలేషన్ కోసం." అంతే.

యూజర్ ఇలా అడిగాడు: "నా ఫోన్ ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే ఎంత కట్ అవుతుంది?" అతనికి కావాల్సింది సమాచారం మాత్రమే. కానీ ఏజెంట్‌కి క్యాన్సిలేషన్ అనే మాట ఉన్న టూల్ ఇదొక్కటే కనిపించింది. పిలిచేసింది. సేల్‌లో దొరికిన ధర పోయింది, ఆర్డర్ కూడా పోయింది.

అదే టూల్‌కి నేనైతే ఇలా రాస్తాను:

"ఇచ్చిన ఆర్డర్‌ని శాశ్వతంగా రద్దు చేస్తుంది. వెనక్కి తీసుకోలేం. యూజర్ స్పష్టంగా రద్దు చేయమని చెప్పినప్పుడే వాడాలి. ఛార్జీలు తెలుసుకోవడానికి దీన్ని వాడకూడదు, ‘క్యాన్సిలేషన్ ఛార్జీ’ టూల్ వాడాలి. డెలివరీ అయిన ఆర్డర్‌కి పనిచేయదు."

ఐదు చిన్న వాక్యాలు. ఏం చేస్తుంది, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, బదులుగా ఏది వాడాలి, ఎక్కడ పనిచేయదు అనేవన్నీ అందులో వచ్చేశాయి.

ఇన్‌పుట్‌లు రాసేటప్పుడు

- యూనిట్ చెప్పండి. ‘ధర’ అని వదిలేస్తే 25 వస్తుందో 25000 వస్తుందో తెలీదు. "గరిష్ఠ ధర, రూపాయల్లో, ఉదాహరణకి 25000" అని రాయండి.
- తేదీ ఫార్మాట్ ఇవ్వండి. 05/06 అంటే మనకి జూన్ 5, అమెరికాలో మే 6. 2025-06-05 లాంటి ఫార్మాట్ అయితే గొడవే లేదు.
- విలువలు కొన్నే ఉంటే లిస్ట్ ఇచ్చేయండి. స్టోరేజ్‌కి 128, 256, 512 మాత్రమే ఉంటే స్కీమాలో ఈనమ్‌గా పెట్టండి.
- ఏది తప్పనిసరో, ఏది ఐచ్ఛికమో చెప్పండి. ఇవ్వకపోతే డిఫాల్ట్ ఏంటో కూడా రాయండి.

ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషనే

"ఎర్రర్ 400" అని పంపితే ఏజెంట్ అదే తప్పుని మళ్లీ చేసే ఛాన్స్ ఉంది. "స్టోరేజ్ 64 దొరకదు, 128, 256, 512లో ఒకటి ఇవ్వండి" అని పంపితే తర్వాతి కాల్‌లో సరిచేసుకోగలదు. ఎంసీపీలో టూల్ ఫెయిలైందని ఫలితంలోనే ఫ్లాగ్ పెట్టి, ఇలాంటి మెసేజ్ పంపే వీలుంది.

మరీ పొడవు కూడా వద్దు

టూల్ వివరణలు మోడల్ కాంటెక్స్ట్‌లోకి వెళ్తాయి, అంటే టోకెన్లు ఖర్చవుతాయి. కంపెనీ చరిత్ర, లోపల ఏ డేటాబేస్ వాడారు లాంటివి తీసేయండి. కాల్ చేయాలా వద్దా అనే నిర్ణయానికి పనికొచ్చేదే ఉంచండి.

రాశాక టెస్ట్ చేయండి

జనం నిజంగా అడిగే పది ప్రశ్నలు రాసుకోండి: "పాతిక వేలలో మంచి కెమెరా ఫోన్ ఏది?", "క్యాన్సిల్ చేస్తే డబ్బులు ఎంత వస్తాయి?" లాంటివి. అసలు ఏ టూలూ అక్కర్లేని ప్రశ్నలు కూడా రెండు కలపండి. ఏజెంట్ ఏ టూల్‌ని, ఏ విలువలతో పిలిచిందో లాగ్‌లో చూడండి. తప్పు పిలిస్తే ముందు వివరణ మార్చి, అవే ప్రశ్నలు మళ్లీ అడగండి.

చివరగా ఒక మాట. వివరణ ఎంత బాగా రాసినా మోడల్ పొరపాటు చేయొచ్చు. అందుకే డబ్బు కట్ అయ్యే, డేటా డిలీట్ అయ్యే టూల్స్‌కి యూజర్ నుంచి కన్ఫర్మేషన్ తీసుకోవడం, సర్వర్‌లో పర్మిషన్ చెక్ పెట్టడం తప్పనిసరి. మీ ప్రాజెక్ట్‌లో ఇలాంటి టూల్ ఉంటే ఈరోజే దాని వివరణ తీసి, "ఎప్పుడు వాడకూడదు" అన్న లైన్ ఉందో లేదో చూడండి.