పాత కంప్యూటరుకు తాళం ఎక్కడ వేయాలి?

లెక్కలు, సభ్యుల చిరునామాలు ఇంకా విండోస్ 98 కంప్యూటరులోనే ఉంచుకొన్నవారు కొందరున్నారు. మేమూ అటువంటి వారమే. తెర మీద పాస్‌వర్డు అడుగుతున్నది గదా అని చాలాకాలం నిశ్చింతగా ఉన్నాము. ఒకనాడు ఒక కుర్రవాడు ఎస్కేప్ మీట నొక్కి మా కళ్లముందే లోపలికి వెళ్లిపోయాడు! ఆ పాస్‌వర్డు ఎవరి అమరికలు తెరవాలో తెలుసుకొనేందుకే గాని ఫైళ్లకు కాపలా కాదట.

కనుక తాళం అంతకు ముందే, అంటే బయోస్‌లో వేయాలి. యంత్రం వెలిగించగానే డిలీట్ మీట (కొన్నింటిలో ఎఫ్2) నొక్కితే సెటప్ తెరుచుకొంటుంది. అందులో సూపర్‌వైజర్ పాస్‌వర్డు పెట్టండి. సెక్యూరిటీ ఆప్షన్ అనే వరుస ఉంటే "సెటప్" బదులు "సిస్టమ్" ఎంచుకోండి. అప్పుడు వెలిగించిన ప్రతిసారీ పాస్‌వర్డు అడుగుతుంది. బూట్ వరుసలో సి డ్రైవును మాత్రమే ఉంచండి. లేనియెడల సెటప్‌కు మాత్రమే పాస్‌వర్డు ఉన్న యంత్రాన్ని ఎవరైనా తమ ఫ్లాపీతో నడిపించి ఫైళ్లు తీసుకొనిపోగలరు.

సేఫ్ మోడ్‌కు దారితీసే ఎఫ్8 మీటను ఆపాలంటే ఎమ్మెస్‌డాస్.సిస్ ఫైలులో ఆప్షన్స్ కింద బూట్‌కీస్=0 అని చేర్చాలి. ముందు ఆ ఫైలుకు నకలు తీసి ఉంచుకోండి.

ఇంత చేసినా, పెట్టె విప్పి లోపలి నాణెం వంటి బ్యాటరీని కొంతసేపు తీసివేస్తే, లేదా జంపరు మారిస్తే, చాలా యంత్రాలలో బయోస్ పాస్‌వర్డు చెరిగిపోతుంది. హార్డ్ డిస్కునే ఊడదీసి పట్టుకుపోవచ్చు కూడా. అందుకే మేము గదికి తాళం వేసి, లెక్కల నకలును, పాస్‌వర్డు రాసిన కవరును వేరేచోట బీరువాలో ఉంచుతున్నాము.