కొల్లేరు నేర్పే పాఠం



చలికాలం రాగానే మన విచారణల నుండి యువజనులు, బడిపిల్లలు కొల్లేటికి విహారయాత్ర వెళ్ళటం పరిపాటి. పడవ ఎక్కి, పక్షులను చూచి, తెచ్చుకున్న పులిహోర పొట్లాలు విప్పుకొని తిని, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరతారు. మంచిదే. అయితే కొల్లేరు చూడదగిన చోటు మాత్రమే కాదు, చదవదగిన చోటు కూడ. యాత్రకు ముందు ఒక్క ప్రశ్నను మనస్సులో ఉంచుకొని వెళ్ళినచో చూచినది నిలిచిపోతుంది. ఆ ప్రశ్న ఇది: ఖాళీగా కనిపించే చోటు నిజంగా ఖాళీయేనా?

1. కొల్లేరు అంటే ఏమిటి?

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఏర్పడిన పల్లం కొల్లేరు. మన దేశంలోని పెద్ద మంచినీటి సరస్సులలో ఒకటి. ఎగువ నుండి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితోపాటు అనేక కాలువలు, మురుగు కోడులు దీనిలో కలుస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు వంకలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది.

కొల్లేటిని బావితో పోల్చకూడదు, పళ్ళెంతో పోల్చాలి. బావిలో నీరు పెరిగితే పైకి లేస్తుంది, పళ్ళెంలో పెరిగితే ప్రక్కలకు పరచుకుంటుంది. అందుకే దీని కొలతను 'కాంటూరు'లలో చెబుతారు. కాంటూరు అనగా సముద్రమట్టానికి ఇన్ని అడుగుల ఎత్తున నేలపై గీచిన ఊహారేఖ. నీరు 3 అడుగుల రేఖ వరకు ఉన్నప్పుడు సరస్సు సుమారు 135 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల రేఖకు వచ్చేసరికి సుమారు 308. అదే 10 అడుగులకు చేరితే 901. రెండడుగుల ఎత్తు పెరిగితే సరస్సు రెట్టింపుకు మించి పెరుగుతున్నది! ఈ లెక్కను పిల్లలచేత నల్లబల్లపై వేయించండి. కొల్లేటి కథ అంతా ఆ రెండడుగులలోనే ఉన్నది.

2. ఉన్నది, కాగలిగినది

తత్వశాస్త్రం చదువుకునేవారికి మొదట్లోనే నేర్పే ఒక భేదం ఇక్కడ ఉపకరిస్తుంది. ఒక వస్తువు ఇప్పుడు ఉన్న స్థితి వేరు, అది కాగలిగిన స్థితి వేరు అన్నాడు అరిస్టాటిల్. విత్తనాన్ని చేతిలో పట్టుకొని 'ఇందులో చెట్టు లేదు' అనటం తేలిక. కాని విత్తనాన్ని రాయితో సమానంగా లెక్కకట్టేవాడు పొరబడినట్లే.

వేసవిలో కొల్లేటికి వెళ్ళినచో మైళ్ళ కొలది ఎండిన నేల, కిక్కిస గడ్డి, అక్కడక్కడ మేసే గేదెలు కనిపిస్తాయి. 'ఇంత భూమి వృథాగా పడి ఉన్నదే!' అనిపిస్తుంది. కాని అది వృథా భూమి కాదు. ఆషాఢ శ్రావణాలలో రాబోయే నీటికి సిద్ధంగా ఉన్న ఇల్లు. అతిథి ఇంకా రాలేదు కదా అని గదిని వేరొకరికి అద్దెకిచ్చినచో, అతిథి రాక మానడు. వచ్చి వాకిట నిలబడతాడు.

3. నీటికి చోటు లేకపోతే?

కొల్లేరు చేసే పని మూడు విధాలు. మొదటిది, ఏరులన్నీ ఒక్కసారిగా పొంగినప్పుడు ఆ నీటిని తన ఒడిలో పట్టి ఉంచటం. ఉప్పుటేరు ఇరుకైనది, వాలు తక్కువైనది. వచ్చినంత వేగంగా నీటిని సముద్రానికి పంపలేదు. ఆ ఆలస్యాన్ని సరస్సు భరిస్తుంది. రెండవది, నీటితో వచ్చే మట్టిని, మురికిని దిగనిచ్చి, నీటి మొక్కల వేళ్ళద్వారా కొంత శుభ్రపరచటం. మూడవది, దిగువకు మంచినీటి ఒత్తిడి ఉంచి, సముద్రపు ఉప్పును ఉప్పుటేరు వెంట ఎగదన్నకుండ ఆపటం.

సరస్సు నడుమ చెరువు గట్లు లేచినచో ఈ మూడు పనులూ చెడతాయి. వానకాలంలో నీరు గట్లకు తగిలి లంక గ్రామాలమీదికి, ఎగువ పొలాలమీదికి తిరుగుతుంది. ఎండకాలంలో ఉప్పునీరు లోపలికి వస్తుంది. అంటే ఒకే ఊరు ఒకే సంవత్సరంలో ముంపుకు, మంచినీటి కరవుకు కూడ గురికావచ్చును. 2024 సెప్టెంబరులో బుడమేటికి గండ్లు పడి విజయవాడలోని అనేక పేటలు రోజుల తరబడి నీటిలో ఉన్న సంగతి అందరికీ తెలుసు. ఆ వరద చివరకు చేరవలసినది కొల్లేటికే. ఆ దినాలలో లంక గ్రామాల దారులు కూడ మునిగాయి. నగరంలోని ఏటి ఒడ్డుకు, పల్లెలోని సరస్సు హద్దుకు సంబంధం లేదనుకొనటానికి ఇకమీదట వీలులేదు.

4. హద్దుల చరిత్ర

తరతరాలుగా ఇక్కడి జాలరులు తాటి దోనెలమీద తిరిగి, మావులు పెట్టి, వలలు వేసి కొర్రమీను, జెల్ల వంటి చేపలు పట్టి బ్రతికారు. నీరు తగ్గిన చోట రైతులు దాళ్వా వరి వేసేవారు. 1970లలో ప్రభుత్వం పేదల ఉపాధికోసం సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కాని చెరువు తవ్వటానికి, మేత కొనటానికి పెట్టుబడి కావాలి. పెట్టుబడి ఉన్నవారు బయటినుండి వచ్చారు. క్రమంగా అనేకచోట్ల చెరువు కాగితాలపై పేదవానిదిగా, పంట వేరొకరిదిగా మారింది. బొచ్చె, శీలావతి పెంచే చెరువులు సరస్సు పొట్టను నింపివేశాయి.

1999లో ప్రభుత్వం 5వ కాంటూరు వరకు, అనగా సుమారు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు అభయారణ్యంలోని చెరువు గట్లను పెద్ద ఎత్తున పగులగొట్టారు. 2008లో రాష్ట్ర శాసనసభ హద్దును 3వ కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. అప్పటినుండి 'ఐదా, మూడా?' అన్న వివాదం ఎన్నికలు వచ్చినప్పుడల్లా తిరిగి లేస్తూనే ఉన్నది.

ఈ వివాదంలో ఇరువైపులా వినవలసిన మాట ఉన్నది. అభయారణ్యం హద్దులో జిరాయితీ భూములు గలవారు ఉన్నారు. గట్లు తెగినప్పుడు పెద్ద పెట్టుబడిదారుడు మరొకచోటికి వెళ్ళగలడు, కూలివాడు వెళ్ళలేడు. అందరి మేలుకోసం ఒకని భూమిని ఆపినప్పుడు ఆ ఒక్కనికి తగిన పరిహారం, జీవనాధారం చూపటం న్యాయం. అది దయాధర్మం కాదు, బాకీ. కాని ఆ బాకీని సరస్సు నేలతో తీర్చబోవటం మరొక అన్యాయం. కాగితంపై గీతను మనం జరుపగలం. గీతను జరిపినంత మాత్రాన నీరు జరగదు. అది వచ్చినప్పుడు తన పాత చోటనే నిలుస్తుంది, అప్పుడు అక్కడ ఉన్నవాడు పేదవాడే అవుతాడు.

5. గూడబాతు చెప్పే సాక్ష్యం

పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1946లో పశ్చిమ గోదావరి జిల్లాలో గూడబాతులు గుంపులుగా గూళ్ళు కట్టే స్థావరాన్ని గుర్తించి లోకానికి తెలియజేశారు. 1970ల నడిమికి ఆ స్థావరం శూన్యమైపోయింది. ఎవరో ఒకరోజు వచ్చి పక్షులన్నిటిని చంపలేదు. చెట్టు, చేప, ప్రశాంతత ఒక్కొక్కటిగా తగ్గాయి.

నేడు కైకలూరు సమీపంలోని ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు తిరిగి గూళ్ళు కట్టి పిల్లలను లేపుతున్నాయి. అక్కడ నీటి నడుమ అటవీశాఖవారు నిలిపిన ఇనుప మంచెలమీద గూళ్ళు కనిపిస్తాయి. చెట్టు లేనిచోట ఇనుముతోనైనా సరిపెట్టుకున్న ఆ పక్షిని చూచి సంతోషించాలి. చెట్టు ఎందుకు లేదో కూడ ఆలోచించాలి.

6. వెళ్ళేవారికి సూచనలు

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఏలూరు నుండి కైకలూరుకు సరస్సు మీదుగా రోడ్డు ఉన్నది. గుడివాడ, భీమవరం వైపులనుండి కైకలూరుకు రైలు కలదు. ఉదయం పెందలకడ చేరండి. మైకులు, టపాకాయలు, పెద్ద పాటలు వద్దు. గూటిలో పిల్లలున్న పక్షి బెదరి లేచినచో గ్రుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు గురి అవుతాయి. పడవవానిని గూళ్ళ దగ్గరకు పొమ్మని బలవంతపెట్టవద్దు. తెచ్చిన ప్లాస్టిక్ సంచులను తిరిగి తీసుకొని రండి. వీలైతే ఒక లంక గ్రామంలో ఆగి, పెద్దవారిని ఆడిగి తెలుసుకోండి: 'తాతగారూ, మీ చిన్నతనంలో నీరు ఎంతవరకు వచ్చేది?' వారు చేయెత్తి చూపే గుర్తు ఏ పటంలోను దొరకదు.

చర్చకు ప్రశ్నలు

1. మన ఊరిలో చెరువు, కుంట, వాగు పోరంబోకు ఏవి? వాటిలో ఇప్పుడు ఏమున్నది?

2. అందరి మేలుకోసం కొందరు నష్టపోవలసి వస్తే, ఆ నష్టం ఎవరు, ఎలా తీర్చాలి?

3. పేదల పేరిట ఇచ్చిన ఆస్తి పేదల చేతిలోనే నిలవాలంటే ఇంకా ఏమేమి ఇవ్వాలి?

4. 'ఖాళీగా ఉన్నది' అని మనం దేనిని చూచి అంటున్నాము? అది ఎవరికోసం ఉంచిన చోటు?

ఈ ప్రశ్నలలో మొదటిదానికి జవాబు వెదకటానికి బస్సు అక్కరలేదు. ఈ ఆదివారం సాయంకాలం పిల్లలను వెంటబెట్టుకొని మీ ఊరి చెరువు గట్టుదాకా నడిచి చూడండి. నీరు ఎక్కడినుండి వస్తున్నది, ఎక్కడికి పోతున్నది, దారిలో ఏమి అడ్డమున్నది వ్రాసుకోండి. ఆ కాగితంతో కొల్లేటికి వెళ్ళినవారికి అక్కడి నీరు మరింత స్పష్టంగా కనిపిస్తుంది.