తామర మళ్ళీ ఎందుకు లేచింది?



పోయిన వానాకాలం నా నడుం మీద తామర లేచింది. నర్సమ్మ ఇచ్చిన మందు వారం రోజులు రాశాను. దురద తగ్గగానే మానేశాను. నెల తిరక్కుండానే అదే చోట మళ్ళీ లేచింది. నా తువ్వాలు వాడిన తమ్ముడికి కూడా అంటుకుంది. మందు మంచిది కాదని అందరితో చెప్పాను. మా సైన్సు సారు విని, "తప్పు మందుది కాదురా, నీది" అన్నారు. ఆయన చెప్పినదీ, నేను చదివినదీ ఇక్కడ రాస్తున్నాను.

తామర కలిగించేది ఒక శిలీంధ్రం. వానలకు లేచే పుట్టగొడుగులు, రొట్టె మీద బూజు కూడా శిలీంధ్రాలే. ఇవి లక్షకు పైగా రకాలున్నా, మనిషికి జబ్బు చేసేవి కొన్ని వందలే. ఎందుకని? మన ఒంట్లో వాటికి మూడు కష్టాలున్నాయి.

1. వేడి: మన ఒంటి వేడి సుమారు 37 డిగ్రీలు. చాలా శిలీంధ్రాలు దాన్ని తట్టుకోలేవు.
2. ఆకలి: వాటికి కావలసిన ఇనుమును మన రక్తంలోని ప్రోటీన్లు గట్టిగా పట్టి ఉంచుతాయి.
3. విషం: తెల్ల రక్తకణాలు వాటిని మింగి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి వాటితో చంపుతాయి.

మరి జబ్బు చేసేవి ఎలా బతుకుతున్నాయి? కాండిడా ఆల్బికన్స్ అనే దాన్ని చూద్దాం. ఇది చాలామంది నోట్లో, పేగుల్లో ఊరకే ఉంటుంది. ఒంట్లో శక్తి తగ్గితే నోట్లో తెల్లపూత తెస్తుంది. వేడికి దాని ప్రోటీన్లు చెడిపోతుంటే, వాటిని కాపాడే హీట్ షాక్ ప్రోటీన్లను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. ఇనుమును మన హిమోగ్లోబిన్ నుంచే లాక్కుంటుంది. కెటలేజ్ అనే ఎంజైముతో పెరాక్సైడును నీరు, ఆక్సిజనుగా విడగొడుతుంది. తెల్ల కణం మింగినా, గుండ్రంగా ఉన్నది తీగలా సాగి దాన్ని చీల్చుకుని బయటపడగలదు!

తామర శిలీంధ్రం ఇంత లోపలికి రాదు. చర్మం పైపొరలోని కెరటిన్ తిని బతుకుతుంది. అదీ మొండిదే. దురద పోయినా పొరలో కొంత మిగిలి ఉంటుంది. మనం మందు ఆపితే అది మళ్ళీ పెరుగుతుంది. ఇంకో సంగతి. అడక్కుండా దుకాణంలో కొనే కొన్ని పూతమందుల్లో స్టిరాయిడ్ ఉంటుంది. దానితో దురద తగ్గుతుంది గానీ, మన ఒంటి కాపలా కూడా తగ్గి తామర ఇంకా పాకుతుంది.

ఈసారి నర్సమ్మ చెప్పినన్నాళ్ళూ రాశాను, తగ్గింది. తమ్ముడు ఇంకా రాస్తున్నాడు. వాడికి అంటించింది నేనే, అందుకే రోజూ గుర్తుచేస్తున్నా.

ఎవరి తువ్వాలు వాళ్ళే వాడండి. తడి బట్టలు ఎండలో ఆరేయండి. తామర ఉంటే సిగ్గుపడి దాచకండి, నర్సమ్మకు చూపించండి.

— 9వ తరగతి విద్యార్థి