మొరగకుండా కబురు చెప్పే కుక్క



ఈ ఆదివారం భోజనాల దగ్గర పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి. "చెవులు వినపడని మనిషికి, కాలింగ్ బెల్ మోగిందని పెంపుడు కుక్క ఎలా చెబుతుంది?" చాలామంది "మొరుగుతుంది" అనేస్తారు. "మరి ఆ మొరుగుడు ఆయనకు వినపడుతుందా?" అని మళ్లీ అడగండి. పాఠం అక్కడే మొదలవుతుంది.

చూపు లేనివారికి దారి చూపే గైడ్ డాగ్ గురించి పిల్లలు వినే ఉంటారు. అలాగే వినికిడి లోపం ఉన్నవారికి తోడుండేది హియరింగ్ డాగ్. బ్రిటన్‌లో 'హియరింగ్ డాగ్స్ ఫర్ డెఫ్ పీపుల్' అనే సేవాసంస్థ 1982 నుంచి ఇలాంటి కుక్కలకు శిక్షణ ఇస్తోంది. లాబ్రడార్, కాకర్ స్పానియల్, పూడిల్ వంటి జాతుల కూనలు వాలంటీర్ల ఇళ్లలో పెరుగుతూ బస్సులకు, బజార్లకు, జనానికి అలవాటు పడతాయి. శబ్దాలను గుర్తుపట్టడం కూడా నేర్చుకుంటాయి. సరిగ్గా చేసినప్పుడల్లా తినడానికి ఏదైనా పెట్టి మెచ్చుకుంటారు.

కబురు ఎలా చెబుతుంది?

అలారం గానీ, కాలింగ్ బెల్ గానీ మోగగానే కుక్క వచ్చి ముక్కుతోనో ముందు కాలితోనో యజమానిని తాకుతుంది. "ఏమిటి?" అని చేత్తో సైగ చేస్తే, శబ్దం వచ్చిన చోటికి తీసుకెళ్తుంది. పక్క గదిలో ఉన్న అమ్మను పిలవాలంటే పిల్లలు కుక్కను పంపవచ్చు. అది వెళ్లి అమ్మను తాకి, వెంటబెట్టుకొని వస్తుంది.

ఫైర్ అలారం మోగితే మాత్రం పద్ధతి వేరు. యజమానిని తాకి, ఎక్కడికీ తీసుకెళ్లకుండా అక్కడే నేల మీద పడుకుంటుంది. ఎందుకో పిల్లల్నే ఆలోచించమనండి. ఎప్పటిలా శబ్దం వైపు నడిపిస్తే మంటల్లోకి తీసుకెళ్లినట్టే కదా! పడుకుంటే "ప్రమాదం" అని అర్థం.

కనిపించని లోపం

వినికిడి లోపం బయటికి కనిపించదు. పిలిస్తే పలకని మనిషిని పొగరు అనుకుంటాం. హియరింగ్ డాగ్ వేసుకునే ముదురు ఎరుపు జాకెట్ చూస్తే, ఎదుటివారికి విషయం అర్థమవుతుంది. మన పిల్లలకు అలాంటి గుర్తేమీ ఉండదు. అందుకే "ఎన్నిసార్లు పిలిచినా పలకడు" అని కోప్పడే ముందు కొంచెం గమనించండి. టీవీ సౌండ్ బాగా పెంచుతున్నాడా? ప్రతిదానికీ "ఆఁ?" అంటున్నాడా? మాట్లాడేవారి పెదవులనే చూస్తున్నాడా? జలుబు చేసి మధ్య చెవిలో నీరు చేరినా వినికిడి తగ్గవచ్చు. అనుమానం ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. క్లాసులో వెనకబడటానికి కారణం బద్ధకం కాకపోవచ్చు.

ఇంట్లో చేసి చూడండి

ఒకరు చెవులు మూసుకొని గోడ వైపు తిరిగి కూర్చోవాలి. కుక్కర్ విజిల్, ఫోన్, తలుపు చప్పుడు - ఏది వినిపించినా రెండోవారు మాట్లాడకుండా తాకి, అక్కడికి తీసుకెళ్లాలి. తర్వాత పాత్రలు మార్చుకోండి. చివర్లో పిల్లలకు రెండు మాటలు చెప్పండి: వినపడనివారితో ముఖం ఎదురుగా నిలబడి మాట్లాడాలి, జాకెట్ వేసుకుని పనిలో ఉన్న కుక్కను యజమానిని అడగకుండా ముట్టుకోకూడదు.