మట్టి నమూనా, మనుషుల నమూనా

భూసార పరీక్షకు మట్టి ఎలా తియ్యాలో మా వూళ్ళో పిల్లవాణ్ణడిగినా చెబుతాడు. గట్టు పక్కన తియ్యకూడదు, చెట్టు కింద తియ్యకూడదు, పెంటకుప్ప వేసిన చోట అసలే కూడదు. చేనంతా వంకరటింకరగా నడుస్తూ పదిహేను, ఇరవై చోట్ల 15 సెంటీమీటర్ల లోతున తీసి, అంతా కలిపి, చివరకు అరకిలో మిగుల్చుకోవాలి. ఫోకస్ గ్రూపుకి మనుషుల్ని పోగుచెయ్యటమూ ఇంచుమించు ఇటువంటి పనే.

1941లో కొలంబియా విశ్వవిద్యాలయంలో లాజర్స్‌ఫెల్డ్ పిలవగా రాబర్ట్ మెర్టన్ రేడియో శ్రోతల్ని ప్రశ్నించటంతో ఈ పద్ధతికి బీజం పడింది. ఆరు నుంచి పది మందిని కూర్చోబెట్టి ఒక వస్తువు గురించి మాట్లాడిస్తారు. ఇది లెక్కలు తేల్చే పద్ధతి కాదు, కారణాలు వినే పద్ధతి. వినేది ఎనిమిది మంది మాటే గనక ఆ ఎనిమిది మందీ ఎవరన్నదే ముఖ్యం.

కంపెనీలు ఆ మనుషుల్ని తెచ్చే పని తరచుగా స్థానిక సంస్థలకు అప్పగిస్తాయి. ఆ సంస్థ వీధిలో తెలిసినవాడికి తలకింత అని ఇస్తుంది. చిక్కంతా ఇక్కడే. కిందటేడు అలాంటాయన ఒకడు మా హాస్టలుకొచ్చాడు. పురుగుమందు గురించి మాట్లాడటానికి మిరప రైతులు కావాలిట. "తమ్ముడూ, ఐదెకరాలు నేనే చేస్తున్నానని చెప్పు, చాలు" అన్నాడు. చెప్పాను. గదిలో ఎనిమిది మందిమి, ముగ్గురం హాస్టలు వాళ్ళమే! వాసన కాస్త ఘాటుగా ఉంటే ఫరవాలేదా అని అడిగారు. ఫరవాలేదన్నాను. ఆ వాసన పీల్చేది మా నాన్న. పదకొండింటికి పెట్టిన చర్చకు ఆయన రాలేడు, చేలో ఉంటాడు. డబ్బులు పెట్టిన కవరు మాత్రం నేను జేబులో పెట్టుకున్నాను.

కాబట్టి సంస్థను వెతికేవారు రేటు కంటే ముందు వడపోత ప్రశ్నల కాగితం చూపించమనాలి. "మీరు మిరప వేస్తారా?" అంటే ఎవడైనా అవునంటాడు. "కిందటి పంటకు ఏ మందు కొట్టారు? ఎవరు కొట్టారు?" అని ఉండాలి. గత ఆరు నెలల్లో ఇలాంటి చర్చకు వెళ్ళినవాళ్ళను తీసేస్తారా అని అడగాలి. తెచ్చినవాడు కాకుండా మరొకరు ఫోన్ చేసి సరిచూస్తారా అన్నది మరీ ముఖ్యం, తలకింత తీసుకునేవాడు తన తలల్ని తనే కాదనుకోడు గదా. ఎనిమిది మంది కావాలంటే పది మందికి చెప్పి ఉంచటం మామూలే.

2011లో మన మార్కెట్ పరిశోధకులు ఇళ్ళను వర్గాలుగా విడదియ్యటానికి తెచ్చిన పద్ధతిలో ఫ్యాను, ఫ్రిజ్‌లతో పాటు సాగుభూమినీ లెక్కలోకి తీసుకున్నారు. ఆ కాగితం మీద నేనూ నాన్నా ఒకే ఇల్లు. చేలో దిగేదెవరో విడిగా అడగాలి.

చర్చ వేళ కూడా వాళ్ళనే అడిగి పెట్టాలి. మా వూళ్ళో అయితే రాత్రి ఏడున్నర దాటాక, బడి వరండాలో. కోతల రోజుల్లో మాత్రం వద్దు.