ఈమెయిల్‌లో చివరి చుక్క

ఎస్‌ఎంటీపీ రూలు ప్రకారం ఈమెయిల్‌లో ప్రతి లైనూ సీఆర్, ఎల్‌ఎఫ్ అనే రెండు క్యారెక్టర్లతో ముగియాలి. ఒక లైన్లో చుక్క ఒక్కటే వస్తే మెయిల్ అయిపోయినట్టు. కానీ కొన్ని ప్రోగ్రాములు ఉత్త ఎల్‌ఎఫ్ పెట్టి పంపేస్తాయి. అప్పుడు సర్వర్ ఏం చెయ్యాలి?

క్యూమెయిల్ తీసుకోనంటుంది. పోస్ట్‌ఫిక్స్ చాలా ఏళ్లు సర్దుకుపోయింది. పంపేటప్పుడు పద్ధతిగా ఉండాలి, తీసుకునేటప్పుడు పట్టువిడుపులుండాలి అని 1980లో జాన్ పోస్టెల్ టీసీపీ పత్రంలో పెట్టిన సూత్రమూ ఇదే.

ఆ సర్దుబాటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టని 2023 డిసెంబరులో పరిశోధకులు చూపించారు. ఉత్త ఎల్‌ఎఫ్‌ల మధ్య చుక్క వస్తే, పంపే సర్వర్ దాన్ని మామూలు అక్షరమనుకుని వదిలేస్తుంది. అందుకునే సర్వర్ మెయిల్ అయిపోయిందనుకుంటుంది. మిగిలిన భాగం ఇంకొకరి పేరుతో కొత్త మెయిల్‌గా లోపలికొచ్చేస్తుంది. దీని పేరే ఎస్‌ఎంటీపీ స్మగ్లింగ్.

2024లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ 3.9 మామూలు లైన్లలో ఉత్త ఎల్‌ఎఫ్‌ని ఇప్పటికీ సరిదిద్ది తీసుకుంటుంది. ముగింపు చుక్కకి మాత్రం రెండు వైపులా సీఆర్, ఎల్‌ఎఫ్ ఉండి తీరాలి. నాకు ఇదే సబబనిపిస్తుంది. మెయిల్ ఎక్కడ ముగిసిందో రెండు సర్వర్లూ ఒకేలా అనుకోవాల్సిన చోట మొహమాటం పనికిరాదు. మీరూ ప్రాజెక్టులో పార్సర్ రాస్తుంటే, ముందు అలాంటి చోటేదో వెతకండి.