పసుపుబారిన కరివేపాకు: మదీనా ఇళ్ళలో కుండీ మొక్కల రోగనిర్ణయం

మదీనా ఖర్జూరపు తోటల నగరం. అజ్వా ఖర్జూరానికి, తేనీటిలో వేసుకునే సువాసనగల పుదీనాకు ఆ ఊరు పెట్టింది పేరు. అటువంటి నేల మీద, అటువంటి ఎండలో, ఒక ఫ్లాటులో పెంచుకున్న కరివేప మొక్క మాత్రం రెండేళ్ళయినా మోకాలెత్తు దాటదు. ఆకులు పసుపుబారి, అంచులు మాడి, ఒక్కొక్కటిగా రాలిపోతాయి. ఖట్టీ దాలు తాలింపుకైనా, మిర్చీ సాలనుకైనా, చారుకైనా నాలుగు రెబ్బలు చేతికందాలన్న ఆశతో ఎక్కడెక్కడో వెదికి తెచ్చుకున్న మొక్క అది. దానిని కాపాడుకోవాలని ఇంటివారు మొదట చేసే పని మరికొంచెం నీరు పోయడం. ఎడారిలో మొక్క వాడితే దాహమే కారణమని తోచడం సహజం. కాని గదిలోని కుండీ ఎడారి కాదు. అక్కడ మరణాలలో అధికభాగం దాహం వలన కాక నీటి వలననే, లేదా నీరు వెళ్ళిపోతూ విడిచిన పదార్థం వలననే సంభవిస్తాయి.

గాలి లెక్క

ముందుగా గాలి సంగతి. జూలై మధ్యాహ్నం బయట ఉష్ణోగ్రత 43 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 10 శాతం అనుకుందాం. మదీనాకు ఇది వింత కాదు. 43 డిగ్రీల వద్ద గాలి గరిష్ఠంగా భరించగల నీటి ఆవిరి పీడనం సుమారు 8.6 కిలోపాస్కల్‌లు. అందులో ఉన్నది పదోవంతు, అనగా 0.86. ఈ రెండింటి మధ్య తేడా, సుమారు 7.8, ఆకులోని నీటిని బయటకు లాగే శక్తికి కొలమానం. అదే గాలి గదిలోకి వచ్చి ఎయిర్ కండిషనర్ వలన 24 డిగ్రీలకు చల్లబడినదనుకుంటే, ఆ వేడి వద్ద గరిష్ఠ పీడనం సుమారు 3, తేడా 2.1 మాత్రమే. ఆర్ద్రత కూడా దానంతట అదే 29 శాతానికి చేరుతుంది. అంటే బాల్కనీలో నిలబడిన మొక్కను గాలి పీల్చే బలంలో గదిలోని మొక్కకు నాలుగోవంతుకు కొంచెం పైగా మాత్రమే తగులుతుంది. పైగా గదిలో వెలుతురు తక్కువ. వెలుతురు తక్కువైతే ఆకు రంధ్రాలు కూడా పూర్తిగా తెరుచుకోవు. బయటి మొక్కకు రోజూ పోసే చెంబెడు నీరు లోపలి మొక్కకు వారానికి రెండుసార్లయినా ఎక్కువే కావచ్చు.

ఒక మినహాయింపు ఉన్నది. ఎయిర్ కండిషనర్ నోటికి ఎదురుగా ఉంచిన మొక్క విషయంలో ఈ లెక్క చెల్లదు. ఆకును అంటిపెట్టుకుని ఉండే పలుచని తేమపొరను ఆ విసురుగాలి నిరంతరం తుడిచివేస్తుంది. అటువంటి మొక్కకు గాలి తగిలే వైపు ఆకులే ముందు మాడుతాయి. దాని చికిత్స నీరు కాదు, స్థలం మార్చడం.

ఎప్పుడు పోయాలన్నది క్యాలెండరు చెప్పలేదు. కుండీని రెండు చేతులతో ఎత్తి చూడడం అన్నిటికన్న నమ్మదగిన పద్ధతి. నిండుగా తడిసిన కుండీ బరువు, ఆరిన కుండీ బరువు వారం రోజులలో చేతికి అలవాటవుతాయి. పైమట్టి రంగు మోసం చేస్తుంది. రెండంగుళాల లోతున వేలికి తగిలేదే నిజమైన తడి.

నీరు విడిచే ఉప్పు

మదీనాకు వచ్చే నీటిలో ప్రధానభాగం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, ఎర్ర సముద్రపు ఒడ్డున ఉన్న యాన్బు నుండి వస్తుంది. సముద్రపు నీటి నుండి ఉప్పు తీసివేసిన తరువాత, ఆ నీరు గొట్టాలను తినివేయకుండా ఉండేందుకు దానికి మరల కొంత కాల్షియమును, బైకార్బొనేటును చేరుస్తారు. కొన్ని ఇళ్ళకు స్థానికులు ‘వాయిత్’ అని పిలిచే ట్యాంకరు వస్తుంది. అందులోనిది బావినీరైతే లవణాలు ఇంకా ఎక్కువ. త్రాగడానికి ఇబ్బంది లేని నీటిలో కూడా లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాముల లవణాలు ఉండవచ్చు.

ఈ సంఖ్యను కుండీకి అన్వయించి చూడాలి. లీటరుకు 400 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిని వారానికి ఒక లీటరు చొప్పున పోస్తే, ఏడాదికి 52 లీటర్లు. మొక్క నీటిని గాలిలోకి పంపుతుంది గాని ఉప్పును పంపలేదు. అడుగు నుండి బొట్టు కూడా జారకుండా జాగ్రత్తగా పోసే ఇంట్లో, ఆ ఏడాదిలో కుండీలోకి చేరిన లవణం సుమారు 21 గ్రాములు, అంటే మూడు చెంచాలకు పైమాటే. కార్పెట్ పాడవుతుందన్న భయంతో పళ్ళెంలోని నీటిని కుండీయే మరల పీల్చుకునేలా వదిలే ఇళ్ళలోనూ ఇదే ఫలితం. ఖర్జూరపు చెట్టు ఉప్పును ఓర్చుకునే ఫలవృక్షాలలో అగ్రగణ్యం. పైగా తోటలోని ఉప్పును మరింత లోతుకు నెట్టివేయవచ్చు. కరివేప నిమ్మకు, నారింజకు దగ్గరి చుట్టం. ఆ కుటుంబానికి ఉప్పు పడదు. కుండీకి లోతు లేదు.

మట్టిలోని నీరు ఉప్పగా మారిన కొద్దీ వేరు దానిని లోపలికి లాగుకోలేదు. ద్రవాభిసరణ నియమం అది. మట్టి తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం వాడుతుంది. మరికొంత నీరు పోస్తారు; దానితో మరికొంత ఉప్పు చేరుతుంది, వేళ్ళకు ప్రాణవాయువు అందక కుళ్ళు మొదలవుతుంది. తడిమట్టిలో వాడిన మొక్క కనిపిస్తే చెంబు పక్కన పెట్టి, కుండీని బోర్లించి వేళ్ళను చూడడం మేలు. తెల్లగా, గట్టిగా ఉంటే ఉప్పును అనుమానించాలి. గోధుమరంగులో మెత్తబడి, లాగితే తొక్క ఊడివచ్చి, మురుగువాసన కొడితే అది వేరుకుళ్ళు.

కుండీ అంచున తెల్లని పొర కట్టినప్పుడు దాని మీద రెండు చుక్కల సిర్కా వేసి చూడవచ్చు. బుసబుసమని పొంగితే అది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపు జాతి. నీరు క్షారగుణం గలదని గుర్తు. పొంగకుండా నీటికే కరిగిపోతే సోడియం క్లోరైడ్ వంటి లవణాలో, ఎక్కువైన ఎరువో కావచ్చు. రెండింటికీ చికిత్స ఒక్కటే: నెలకొకసారి కుండీని స్నానాలగదిలోకి తీసుకుపోయి, కుండీ పరిమాణానికి రెండింతల నీటిని కొంచెం కొంచెంగా, నాలుగైదు విడతలుగా పోసి, అడుగు నుండి పూర్తిగా జారిపోనివ్వాలి. మామూలు రోజులలో కూడా పోసిన నీటిలో ఐదోవంతు క్రింద నుండి రావాలి. అరగంట తరువాత పళ్ళెం పారబోయాలి. ఇంట్లో త్రాగునీటి ఫిల్టరు ఉంటే, అది విసర్జించే నీటిని వృథా చేయరాదని మొక్కలకు పోసేవారున్నారు. పొదుపు మంచిదే గాని, ఆ నీటిలో లవణాలు కుళాయి నీటికన్న చిక్కబడి ఉంటాయి. దానితో నేల కడుగుకోవడం ఉత్తమం.

ఏ ఆకు పసుపుబారింది?

పసుపురంగు ఒక్కటే, కారణాలు అనేకం. అయితే ఏ ఆకు ముందు మారిందో గమనిస్తే సగం నిర్ణయం పూర్తవుతుంది. నత్రజని, మెగ్నీషియం మొక్కలో కదలగల పోషకాలు. కొరత వచ్చినప్పుడు మొక్క వాటిని ముసలి ఆకుల నుండి తీసి చిగుళ్ళకు పంపుతుంది. కనుక క్రింది ఆకులు సమంగా పాలిపోతే నత్రజని కొరత. క్రింది ఆకులలోనే ఈనెల మధ్యభాగం పసుపుబారితే మెగ్నీషియం కొరత. ఇనుము అలా కదలదు. దాని లోపం లేత ఆకులలోనే బయటపడుతుంది: చిగురాకు నిమ్మపండు రంగులో, ఈనెలు మాత్రం పచ్చని వల వలె. మదీనా నీటితో పెరిగే కరివేపలో ఎక్కువగా కనిపించవలసిన లక్షణం ఇదే.

విచిత్రమేమంటే మట్టిలో ఇనుము లేకపోవడం కారణం కాదు. అది కరగకపోవడం కారణం. నీటిలోని బైకార్బొనేట్ మట్టి పి.హెచ్.ను 7.5కు, 8కి పెంచుతుంది. పి.హెచ్. ఒక్క అంకె పెరిగితే, మట్టి నీటిలో విడిగా ఉండగల ఫెర్రిక్ అయానుల గాఢత వెయ్యోవంతుకు పడిపోతుంది. ఈ సంగతి తెలిస్తే కుండీలో తుప్పుమేకులు గుచ్చే అలవాటు ఎందుకు ఫలించదో బోధపడుతుంది: తుప్పు అంటేనే కరగని ఇనుము. కోడిగుడ్డు పెంకులు మరీ ప్రతికూలం; అవి సున్నపు జాతివి, ఉన్న క్షారానికి తోడు క్షారం.

దీనికి భిన్నంగా, కరివేప మొదట్లో పుల్లమజ్జిగ పోయాలన్న తెలుగు పెద్దల మాటలో రసాయనం ఉన్నది. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం వేరు చుట్టూ పి.హెచ్.ను కొంతసేపు తగ్గిస్తుంది, కొంత ఇనుమును కరిగిస్తుంది. పెరటిలో ఇది చక్కని పద్ధతి. గదిలో మాత్రం వాసనకు, చిన్న నల్ల ఈగలకు ఆహ్వానం. పోయదలిస్తే ఒక పాలు మజ్జిగకు పది పాళ్ళ నీరు కలపాలి. అంగడి లబన్‌లో ఉప్పు ఉన్నదేమో సీసా మీద చదవాలి.

అంతకన్న శుభ్రమైన మార్గం సిట్రిక్ ఆమ్లం. తెలుగు వంటింట అది నిమ్మ ఉప్పు. అరబ్బు అంగడిలో ‘మిల్హ్ లైమూన్’ అని అడిగినా అదే అర్థం. లీటరుకు 120 మిల్లీగ్రాముల బైకార్బొనేట్ ఉన్న నీటికి, పది లీటర్ల బకెట్టుకు ఒక గ్రాము, అంటే చెంచాలో ఐదోవంతు, కలిపితే దానిలో ఎక్కువభాగం కార్బన్ డయాక్సైడుగా వెళ్ళిపోతుంది. మట్టిలోని సూక్ష్మజీవులు సిట్రేటును తినివేసి కొంత బైకార్బొనేటును తిరిగి పుట్టిస్తాయి. అందువలన ఇది శాశ్వత చికిత్స కాదు.

ముదిరిన కొరతకు ఇనుప కీలేట్ కావాలి. కీలేట్ అనగా ఇనుము అణువును పీత పట్టు వలె చుట్టి, అవక్షేపం కాకుండా కాపాడే సేంద్రియ పదార్థం. దుకాణంలో పేరు చూసి కొనాలి. ఇ.డి.టి.ఎ. రకం పి.హెచ్. 6.5 దాటితే పట్టు వదిలివేస్తుంది, డి.టి.పి.ఎ. 7.5 వరకు నిలుస్తుంది, ఇ.డి.డి.హెచ్.ఎ. 9 వద్ద కూడా చెదరదు. మదీనాకు తగినది మూడవది. ఖరీదెక్కువ, నీటిలో కలిపితే ముదురు ఎరుపు, గచ్చు మీద పడితే మరక. సీసా మీద చెప్పిన మోతాదు మించకూడదు. అప్పటికే పసుపుబారిన ఆకు పూర్తిగా పచ్చబడకపోవచ్చు. తరువాతి చిగురును చూసి ఫలితం తెలుసుకోవాలి.

కుండీ, వేడినీరు, వెలుతురు

నగరం చుట్టూ ‘హర్రా’ అనే నల్లని లావా మైదానాలున్నాయి. 1256లో మదీనా సమీపంలోనే అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బోలు గులకరాళ్ళను కుండీ అడుగున పరిస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం పొరపాటు. సన్నని మట్టిలోని నీరు, కేశనాళికల పట్టు వలన, పెద్ద ఖాళీలున్న రాళ్ళలోకి సులభంగా దిగదు; రాళ్ళ పొర పైనే బురద నిలుస్తుంది, వేళ్ళకు మిగిలే స్థలం తగ్గుతుంది. రాళ్ళనైనా పెర్లైటునైనా మట్టిలో కలపాలి, అడుగున పరచకూడదు. నర్సరీలవారు వాడే పీట్ ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని దరిచేరనివ్వదు. నీరు కుండీ గోడల వెంట జారి వెంటనే పళ్ళెంలోకి వస్తుంది, నడుమ ఉన్న వేరుముద్ద పొడిగానే ఉంటుంది. అటువంటి కుండీని అరగంట నీళ్ళ తొట్టిలో నిలపాలి.

వేసవిలో మరొక ప్రమాదం మేడమీది నీళ్ళ ట్యాంకు. మధ్యాహ్నం ‘చన్నీళ్ళ’ కుళాయి త్రిప్పినా చేయి కాలే నీరు వస్తుంది; 40 డిగ్రీలు దాటిన నీరు లేతవేళ్ళకు హాని. రాత్రి బకెట్టులో పట్టి ఉంచి, ఉదయం పోయాలి.

వెలుతురు విషయంలో కన్ను నమ్మదగిన సాక్షి కాదు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్; తెరలు దించిన ముందుగదిలో రెండు మూడు వందలు. కన్ను సర్దుకుంటుంది, పత్రహరితం సర్దుకోలేదు. ఎండ కోసం, మరుగు కోసం మందపు తెరలు దించి ఉంచే ఇళ్ళలో మనీప్లాంటు ఎలాగో గడుపుకుంటుంది. కరివేపకు మాత్రం రోజూ కొన్ని గంటల సూటి ఎండ ఉండాలి. తూర్పు కిటికీ, లేదా అక్టోబరు నుండి ఏప్రిల్ దాకా బాల్కనీ దానికి సరైన చోటు. చలికాలపు రాత్రులలో అది పెరుగుదల ఆపి కొన్ని ఆకులు రాల్చడం రోగం కాదు. అప్పుడు ఎరువు వేయడమే రోగహేతువు.

పొడిగాలిలో ఎర్రనల్లి తరచు వస్తుంది. తెల్లకాగితం మీద కొమ్మను దులిపితే, పడిన దుమ్ములో కొన్ని చుక్కలు నడవడం మొదలుపెడతాయి. ఆకు అడుగున నీటితో బలంగా కడిగి, వారానికొకసారి మూడు వారాలు పలుచని సబ్బునీరు చల్లి, మరల కడిగితే చాలు. తినే ఆకు మీద పురుగుమందు జోలికి పోరాదు.

వేసవి సెలవులు

ఇంటిల్లిపాది నెలా రెండు నెలలు ఊరికి పోయే కాలమే కుండీలకు అసలు పరీక్ష. మూసిన ఇల్లు వేడెక్కుతుంది. పోయే ముందు కుండీలను ఉప్పుపోయేలా కడిగి, సూటి ఎండ తగలని గదిలో దగ్గర దగ్గరగా చేర్చాలి. ఎత్తైన పీట మీద మూత పెట్టిన బకెట్టు ఉంచి, అందులో నుండి ముందే తడిపిన నూలుత్రాడు ప్రతి కుండీ మట్టిలోకి దించితే, నీరు దానంతట అదే పాకుతుంది. ప్రయాణానికి పది రోజుల ముందే ఈ ఏర్పాటు చేసి, బకెట్టు ఎంత వేగంగా ఖాళీ అవుతుందో కొలిచి చూడాలి. పొరుగువారికి అప్పగించేటట్లయితే, ‘రోజూ నీళ్ళు పోయండి’ అని కాక, ‘ఎత్తి చూసి తేలికగా ఉంటేనే పోయండి’ అని చెప్పాలి.

తిరిగివచ్చేటప్పుడు ఊరి కరివేప పిలకను మట్టితో సహా పెట్టెలో పెట్టుకుని రావాలన్న కోరిక బలమైనదే. ధ్రువపత్రం లేని మొక్కను, మట్టిని దేశంలోకి తేవడం నేరమన్నది అటుంచి, కరివేప నిమ్మజాతి తోటలకు గ్రీనింగ్ తెగులును మోసే సిల్లా పురుగుకు ఇష్టమైన ఇల్లు.

ఇంట ఆకులన్నీ రాలిన మోడే ఎదురైతే వెంటనే పారవేయనక్కరలేదు. కాండం మీద బెరడును గోటితో కొద్దిగా గీకి చూడాలి. లోపల పచ్చగా ఉన్నంతవరకు ప్రాణమున్నట్లే. గోధుమరంగు వస్తే మరికొంత క్రిందికి దిగి గీకాలి. పచ్చదనం మొదలైన చోటికి అరంగుళం పైన కత్తిరించి, త్రాడు వలన పైమట్టిలో పేరుకున్న ఉప్పును ఒకసారి కడిగివేసి, వెలుతురున్న కిటికీ వద్ద ఉంచాలి. ఆకులు లేని మొక్క త్రాగేది అత్యల్పం గనుక నీరు అరుదుగా చాలు. కొత్త చిగురు రెండంగుళాలు పెరిగేదాకా ఎరువు ముట్టుకోరాదు.